మామయ్య ఇల్లు, మామయ్య బాకీలు

మనవైపు ఇల్లు తాకట్టులో ఉందన్న మాట గొంతు తగ్గించి చెబుతారు. ఈ దేశంలో తాకట్టుతోనే గృహప్రవేశం. సత్యనారాయణ వ్రతం చేసుకుని, ప్రసాదం పంచి, మర్నాటి నుంచి ముప్ఫై ఏళ్ళ వాయిదాలు మొదలుపెడతాం. మార్ట్‌గేజ్ అని పిలిచేసరికి అందులోని నామోషీ పోతుంది కాబోలు. ఇంటి యజమాని మంచాన పడి, హాస్పిటల్ బిల్లులు రావడం మొదలైతే మాత్రం అది మళ్ళీ అచ్చమైన తాకట్టే అయి కూర్చుంటుంది.

మా పెద్ద మేనమామగారి ఇంట్లో ఇదంతా దగ్గరుండి చూశాను. నేను డాక్టర్ని. హాస్పిటల్లో మనుషుల్ని చేర్చుకోవడం, కాస్త నయమయ్యాక పంపించడం నా పని. పంపించాక ఆ ఇంటికి ఏయే కాగితాలు వస్తాయో, వాటిని ఎవరు చదువుతారో మాకు ఏ మెడికల్ కాలేజీలోనూ చెప్పరు. "నలుగురికీ పనికొచ్చేట్టయితే రాయవే, పేర్లు మాత్రం రాయకు" అని అత్తయ్య అంది గనక ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మామయ్య 1974లో మిషిగన్ వచ్చారు. కార్ల కంపెనీలో ఇంజనీరు. 1986లో డెట్రాయిట్ శివార్లలో ఇల్లు కొన్నారు. నేను రెసిడెన్సీ ఇంటర్వ్యూలకు వచ్చినప్పుడు రెండు నెలలు ఆ ఇంటి బేస్‌మెంటులోనే ఉన్నాను. మా బంధువుల్లో అలా ఆ బేస్‌మెంటు మెట్లు దిగి, ఉద్యోగం రాగానే ఎక్కి వెళ్ళినవాళ్ళు పది మందైనా ఉంటారు. ఇంటి అప్పు తీరిపోవస్తోందనగా వదిన చదువుకు కొంత తీశారు. తరవాత ఊళ్ళో తాతగారి ఇల్లు కూలిపోకుండా నిలబెట్టడానికి ఇంకొంత. 2021లో వడ్డీలు బాగా పడిపోయినప్పుడు అన్నీ కలిపి 2.875 శాతానికి ఒకే అప్పుగా మార్చుకున్నారు. పన్నులు, ఇన్సూరెన్సుతో కలిపి నెలకు 1,040 డాలర్లు. మామయ్య పోయేనాటికి అసలు 1,38,000 ఉంది. ఈ వడ్డీ సంగతి గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది.

2022 ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున ఆయనకు పక్షవాతం వచ్చింది. మెదడు ఎడమపక్క రక్తనాళం మూసుకుపోయి కుడిచెయ్యి, కుడికాలు, మాట మూడూ ఒక్కసారే పోయాయి. వారం తరవాత నేను వెళ్ళేసరికి నా పేరు పలకలేకపోయారు. కాని "రెండు రెళ్ళు" అని అందిస్తే "నాలుగు" అని ఎత్తుకుని రెండో ఎక్కం చివరిదాకా అప్పజెప్పారు. అలవాటుగా వచ్చే మాటలు మెదడులో వేరేచోట దాక్కుని ఉంటాయని చదువుకున్నదే. మేనమామ నోటివెంట వినడం వేరు. అత్తయ్య మాత్రం లెక్కలు వస్తున్నాయి గనక బాగుపడుతున్నారనుకుంది.

పందొమ్మిది రోజులు హాస్పిటల్లో ఉంచి నర్సింగ్ హోమ్‌కు పంపారు. మన గుంటూరు, తెనాలి వైపు నర్సింగ్ హోమ్ అంటే పురుళ్ళు పోసే చిన్న ఆసుపత్రి. ఇక్కడ ఇంటికి వెళ్ళలేనివాళ్ళను ఉంచే చోటు. ఊరినుంచి ఫోన్ చేసినవాళ్ళందరికీ ఈ తేడా చెప్పలేక అత్తయ్యకు నోరు నొప్పిపుట్టింది.

అరవయ్యయిదు దాటితే మెడికేర్ ఉందిగదా అని మనవాళ్ళలో చాలామందికి ధీమా. మెడికేర్ హాస్పిటల్‌కు బాగానే ఇస్తుంది. ఆ ఏడు మామయ్య వాటా 1,556 డాలర్లు. నర్సింగ్ హోమ్‌కు మాత్రం లెక్క వేరు. మొదటి ఇరవై రోజులు పూర్తిగా ఇస్తుంది. ఇరవయ్యొకటో రోజు నుంచి నూరో రోజు దాకా రోగి రోజుకింత కట్టాలి. 2022లో అది 194 డాలర్ల 50 సెంట్లు. ఎనభై రోజులకు 15,560. ఆ నూరు రోజులైనా రోజూ నర్సింగు పనో వ్యాయామ చికిత్సో అవసరమని తేలినంతకాలమే. నూటొకటో రోజున మెడికేర్ చేతులు దులుపుకుంటుంది. అన్నం తినిపించడం, ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం దాని దృష్టిలో వైద్యం కాదు. ఈ వాటాలు భరించే ఇంకో ఇన్సూరెన్సు మామయ్యకు లేదు. కంపెనీ రిటైరైనవాళ్ళకిచ్చేది ఎన్నడో తీసేసింది.

జూన్ నుంచి నెలకు దాదాపు పదకొండు వేల డాలర్ల చొప్పున సొంత డబ్బు కట్టారు. దాచుకున్నది కరిగిపోయింది. భార్యకంటూ చట్టం విడిచిపెట్టే భాగం పోను మిగిలింది ఖర్చయ్యాకగాని మెడికెయిడ్ రాలేదు. భార్య కాపరమున్న ఇంటిని మెడికెయిడ్ లెక్కలోకి తీసుకోదు గనక ఇల్లు అమ్మనక్కరలేకపోయింది. నవంబరులో మంజూరైంది. 2023 జూన్‌లో మామయ్య నిద్రలోనే వెళ్ళిపోయారు.

మొదటిరోజు సంతకాల దగ్గరకు ఒకసారి వెనక్కి వెళ్ళాలి. నర్సింగ్ హోమ్‌లో చేర్చుకునేటప్పుడు పద్నాలుగు పేజీల కాగితాలిచ్చారు. ఒకచోట "రెస్పాన్సిబుల్ పార్టీ" అని గీత గీసి ఉంది. తండ్రికి బాధ్యుడెవరయ్యా అంటే మన పిల్లలు ఏం చేస్తారు? బావ కలం తీశాడు. వృద్ధుల వ్యవహారాలు చూసే లాయరమ్మను అంతకు రెండురోజుల ముందే అత్తయ్య స్నేహితురాలు పరిచయం చేయబట్టి సరిపోయింది. ఆవిడ చెప్పినట్టే బావ మామయ్య పేరు రాసి, దానికింద "ఆయన తరఫున, పవర్ ఆఫ్ అటార్నీ మీద" అని రాసి సంతకం పెట్టాడు. మెడికేర్, మెడికెయిడ్ డబ్బు పుచ్చుకునే నర్సింగ్ హోమ్‌లు, చేర్చుకోవాలంటే ఇంకొకరు హామీ ఉండాలని పట్టుపట్టకూడదని 1987 నుంచి ఫెడరల్ చట్టం ఉంది. మనంతట మనం హామీదారు గీత మీద సంతకం పెడితే మాత్రం ఆ పేచీ తరవాత కోర్టులో తేల్చుకోవాలి. ఆ పవర్ ఆఫ్ అటార్నీ కూడా మామయ్య 2016లో బైపాస్ ఆపరేషన్‌కు ముందు రాయించి పెట్టింది. పక్షవాతం వచ్చాక రాయిద్దామంటే రాసే చెయ్యీ లేదు, ఒప్పుకునే మాటా లేదు.

పదకొండో రోజు కర్మ అయిన నెలకు ఉత్తరాలు మొదలయ్యాయి. నర్సింగ్ హోమ్‌కు 27 వేలు, హాస్పిటల్‌కూ డాక్టర్లకూ 11 వేలు, అంబులెన్సులు వగైరా 3 వేలు, మొత్తం 41 వేల డాలర్లు. ఆగస్టులో వసూళ్ళ కంపెనీ ఒకటి బావకు ఫోన్ చెయ్యడం మొదలుపెట్టింది. కటువుగా మాట్లాడలేదు. ఒకావిడ ఎంతో మెత్తగా, "మీ నాన్నగారి పేరు శుభ్రంగా ఉండాలని మీకూ ఉంటుంది గదా" అందిట. మిషిగన్‌లో పుట్టి పెరిగిన బావకు తెలుగు తడబడుతుంది. పెళ్ళిళ్ళలో మంత్రాలకు గడియారం చూసుకుంటాడు. అయినా ఆ మాట సూటిగా తగిలింది. రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ చేసి, "నాన్న అప్పు నేను కట్టకపోతే ఇంకెవరు కడతారు?" అన్నాడు. తన రిటైర్మెంటు డబ్బు తీసి 41 వేలూ కట్టేద్దామనీ, లేదంటే ఇంటిమీద తనపేర కొత్త అప్పు తీసుకుని పాతదీ ఇదీ కలిపి తీర్చేద్దామనీ లెక్కలు వేసి పెట్టుకున్నాడు. అప్పటికి కొత్త ఇంటి అప్పుల వడ్డీ 7 శాతం దాటింది. ఆ అక్టోబరులో 8 అంచుకు వెళ్ళింది. 2.875 శాతం అప్పును చెరిపేసి అటువంటి అప్పు నెత్తిన పెట్టుకోవడం పితృభక్తి కావచ్చుగాని ఆర్థికశాస్త్రం కాదు.

నేను కట్టొద్దన్నాను. లాయరమ్మ అంతకంటే గట్టిగా వద్దంది. చచ్చిపోయిన మనిషి బాకీలు ఆయన విడిచిన ఆస్తిలోంచి రావాలి. ఆస్తి చాలకపోతే అప్పిచ్చినవాళ్ళు అక్కడితో ఆగిపోవాలి. కొడుకు హామీ పడలేదు గనక అతనికి సంబంధం లేదు. సంబంధం ఉన్నట్టు భ్రమపెట్టి వసూలు చెయ్యడం 1977 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం తప్పు కూడా. అత్తయ్య మాటేమిటని అడిగాం. పూర్వం మొగుడి వైద్యం ఖర్చు పెళ్ళాం మీద పడుతుందా అన్నదానిమీద ఇక్కడ వాదాలు నడిచేవి. 1998లో మిషిగన్ సుప్రీంకోర్టు ఆ పాత సూత్రాన్ని కొట్టివేసింది. తను సంతకం పెట్టకపోతే భార్య బాధ్యురాలు కాదు. పొరుగు రాష్ట్రాల్లో ఇలాగే ఉంటుందని అనుకోకండి. భార్యను బాధ్యురాలిగా చూసే రాష్ట్రాలు ఇంకా ఉన్నాయి.

పిల్లల విషయంలోనూ అంతే. 2012లో పెన్సిల్వేనియా అప్పీలు కోర్టు ఒక కొడుకును తల్లి నర్సింగ్ హోమ్ బాకీ దాదాపు 93 వేల డాలర్లు కట్టమంది. సంతకం వల్ల కాదు, లేమిలో ఉన్న తల్లిదండ్రులను పిల్లలు పోషించాలన్న ఆ రాష్ట్రపు చట్టం వల్ల. గ్రీన్ కార్డు మీద అమ్మానాన్నలను తెచ్చుకున్నవాళ్ళ కథ ఇంకో రకం. ఇక్కడ పని చెయ్యని పెద్దవాళ్ళు 65 దాటినా, ఐదేళ్ళు ఎడతెగకుండా ఉంటేగాని మెడికేర్ కొనుక్కోవడానికైనా వీల్లేదు. ఈ లోపల జబ్బు చేస్తే కాగితాల మీద సంతకం పెట్టేది మనమే. అది విడిగా రాయవలసిన సంగతి.

ఇక ఇల్లు. మిషిగన్‌లో భార్యాభర్తలు కలిసి కొన్న ఇంటికి ఒక కవచం ఉంది. ఇద్దరిలో ఒకరు పోతే మొత్తం ఇల్లు రెండోవారిదే అవుతుంది. పోయినవారి ఒక్కరి బాకీలవాళ్ళు దాన్ని ముట్టుకోలేరు. ఆ ప్రకారం మామయ్య పోయిన క్షణానే ఇల్లు అత్తయ్యదైంది. మామయ్య ఒక్కరి పేర మిగిలినవి ఒక పాత కారు, బేంకులో 2,300 డాలర్లు. పత్రికలో ప్రకటన వేసి, బాకీలవాళ్ళకు నాలుగు నెలలు గడువిచ్చి చూస్తే, దహనం ఖర్చులకే అది చాలలేదు. మెడికెయిడ్ కూడా 55 ఏళ్ళు దాటినవాళ్ళకు నర్సింగ్ హోమ్‌లో పెట్టిన ఖర్చు వారు పోయాక ఆస్తిలోంచి తిరిగి అడుగుతుంది. 1993 నుంచి ప్రతి రాష్ట్రమూ అలా అడిగి తీరాలి. కాని భార్య బతికి ఉండగా అడగకూడదు. రేపు అత్తయ్యకే ఆ అవసరం వస్తే ఇంటికి చిక్కు రాకుండా లాయరమ్మ "లేడీ బర్డ్ డీడ్" అని ఒకటి రాయించింది. అత్తయ్య బతికినన్నాళ్ళు ఇల్లు ఆవిడదే. కావాలంటే అమ్ముకోవచ్చు. ఆ తరవాత కోర్టు గడప తొక్కకుండా పిల్లలకు వెళుతుంది. మిషిగన్‌లో మెడికెయిడ్ చెయ్యి కోర్టుద్వారా పంచే ఆస్తికి మాత్రమే అందుతుంది. లిండన్ జాన్సన్ భార్య పేరు దీనికి పెట్టడమేమిటోగాని, అత్తయ్యకు ఆ పేరు నచ్చింది. "పిట్టమ్మ దస్తావేజు" అంటుంది.

కవచం వైద్యం బాకీలకేగాని తాకట్టుకు లేదు. తాకట్టు ఇంటిని అంటిపెట్టుకునే ఉంటుంది. ఇక్కడ ఒక చిత్రమైన చిక్కు వచ్చింది. ఇంటిని తాకట్టుపెట్టే కాగితం మీద అత్తయ్య సంతకం ఉంది. అప్పు తీరుస్తానన్న నోటు మీద మామయ్య ఒక్కరి సంతకమే. ఉద్యోగం, పెన్షను ఆయనవి గనక. అంటే ఆవిడ అప్పుపడలేదు, కాని కట్టకపోతే ఇల్లు పోతుంది. వాయిదా మామయ్య బేంకు ఖాతాలోంచి దానంతటదే వెళ్ళేది. ఆ ఖాతా స్తంభించగానే జులై వాయిదా ఆగిపోయింది. కంపెనీకి ఫోన్ చేస్తే, ఖాతాదారుతోనే మాట్లాడతామన్నారు. ఖాతాదారు చనిపోయారని బావ చెప్పాడు. "సరే, అయితే మాతో మాట్లాడటానికి మీకు అనుమతి ఇస్తున్నట్టు ఆయన్ని ఒక్కసారి ఫోన్లో చెప్పమనండి" అన్నాడట అవతలి కుర్రాడు. ఆ మాట విని ఆ ఇంట్లో చాలా రోజుల తరవాత అందరూ నవ్వారు. తరవాత అత్తయ్య లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

చట్టం అత్తయ్య పక్కనే ఉంది. అప్పు తీసుకున్న మనిషి పోయి ఇల్లు భార్యకో, కాపరముండే పిల్లలకో వస్తే, బేంకు మొత్తం బాకీ ఒక్కసారే కట్టమనడానికి 1982 చట్టం ఒప్పుకోదు. పాత వడ్డీకే, పాత వాయిదాకే కట్టుకోవచ్చు. 2018 ఏప్రిల్ నుంచి అలాంటి వారసులను అసలు అప్పుదారుతో సమానంగా చూసి సమాధానాలివ్వాలన్న నిబంధన కూడా అమలులో ఉంది. కుర్రాడికి అది తెలియదు. మరణ పత్రం, ఇంటి దస్తావేజు రిజిస్టర్డ్ పోస్టులో పంపితే ఏడు వారాలకు "సక్సెసర్ ఇన్ ఇంట్రెస్ట్" అని అత్తయ్య పేర ఉత్తరం వచ్చింది. అది వచ్చేదాకా అప్పు నంబరు వేసి అత్తయ్య తన చెక్కులే పంపింది. నూట ఇరవై రోజులు బాకీ పడితేగాని ఇల్లు వేలానికి తెచ్చే పని మొదలుపెట్టకూడదు. ఆ సంగతి తెలిసినా, ఎర్ర అక్షరాల కవరు వచ్చినప్పుడల్లా ఆవిడ రాత్రి నిద్రపోలేదు.

హాస్పిటల్ బాకీకి ఒక దారి దొరికింది. లాభాపేక్ష లేని హాస్పిటళ్ళకు బీదవారికి తగ్గింపు ఇచ్చే పద్ధతి ఒకటి రాతపూర్వకంగా ఉండాలని 2010 చట్టం చెబుతుంది. మొదటి బిల్లు నుంచి 240 రోజులదాకా దరఖాస్తు తీసుకోవాలి. మామయ్య చివరిసారి నిమోనియాతో చేరినప్పటి బిల్లుకు గడువు ఇంకా ఉంది. అత్తయ్య ఆదాయం చూసి ఆ 6 వేలూ రద్దుచేశారు. మొగుడూ పెళ్ళాలకు రెండు సోషల్ సెక్యూరిటీ చెక్కులు వచ్చేవి, ఇప్పుడు పెద్దది ఒకటే వస్తుంది. ఆ దరఖాస్తు మూడు పేజీలు. నేను పనిచేసే చోట కూడా అటువంటిదే ఉంది. ఇప్పుడు నేను పంపించే ప్రతి ముసలాయన సంచిలోనూ ఒకటి పెడుతున్నాను.

ఇంత చట్టం చదివినా బావ మనసు కుదుటపడలేదు. "ఇవన్నీ అమెరికా చట్టాలు. మనది ధర్మం కదా" అన్నాడు. అందుకని నేను మన ధర్మం సంగతి కూడా వెతికాను. తండ్రి అప్పు కొడుకు, మనవడు, మునిమనవడు తీర్చాలన్నది ధర్మశాస్త్రాల మాట. ఇంగ్లీషు జడ్జీలు దాన్ని "పయస్ ఆబ్లిగేషన్" అని కోర్టుల్లో నడిపించారు. అందులోనే మినహాయింపూ ఉంది. తండ్రి జూదానికి, దుర్వ్యసనానికి చేసినవి, వ్యవహారం కానివి కొడుకు తీర్చనక్కరలేదు. మన దేశంలోనే 2005 సెప్టెంబరు 9 తరవాత చేసిన అప్పులకు, కొడుకన్న ఒక్క కారణంతో అతనిమీద దావా చెల్లదని హిందూ వారసత్వ చట్టాన్ని సవరించారు. ఢిల్లీయే వదులుకున్నదాన్ని డెట్రాయిట్‌లో మనం మొయ్యాలా?

నాకు తోచింది బావతో చెప్పాను. అప్పంటే అడిగి తీసుకున్నది. ఇంటిమీద అప్పు మామయ్య తన చేత్తో సంతకం చేసి, వదిన చదువుకూ తాతగారి ఇంటికీ తీసుకున్నారు. అది తీరి తీరాలి. తీరుస్తున్నాం. మాట పడిపోయిన మనిషి పేర, ఎవరూ ముందు చెప్పని ధరలు వేసి పంపిన బిల్లు ఆ జాతిది కాదు. ఆ ధరల్లో నాలాంటి డాక్టర్ల జీతాలూ ఉన్నాయి, నాకు తెలుసు. తెలిసే చెబుతున్నాను. బావ ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. వసూళ్ళ కంపెనీకి లాయరమ్మ ఉత్తరం రాశాక ఫోన్లు ఆగిపోయాయి.

అత్తయ్య మా ఇద్దరి వాదనా వింది. మర్నాడు బిల్లులన్నీ బల్లమీద పరిచి, తెలుగులో తన జాబితా తను రాసుకుంది. నర్సింగ్ హోమ్‌ను కొట్టేసింది. "నెలకు పదకొండు వేలు పుచ్చుకుని ఆయనకు రోజూ చల్లారిన ఓట్‌మీల్ పెట్టారు. వాళ్ళకు ఋణపడలేదు" అంది. పెద్ద డాక్టర్ల బిల్లులు నావైపు చూసి నవ్వుతూ కొట్టేసింది. చివరకు రెండు మిగిలాయి. చెవి మిషను బాగుచెయ్యడానికి రెండుసార్లు మంచం దగ్గరకే వచ్చిన ముసలి షాపతనిది 380 డాలర్లు. ఫిబ్రవరి తెల్లవారుజామున మంచులో వచ్చి, మామయ్యను మేడమీదనుంచి మెట్లమీదుగా చేతులమీద దింపిన మా టౌన్‌షిప్ అగ్నిమాపక శాఖవారి అంబులెన్సుది 712. "వాళ్ళ బూట్లు విప్పి లోపలికి రాబోయారే. అక్కర్లేదు బాబూ అన్నాను" అని ఇప్పటికీ చెబుతుంది.

ఇల్లు నిలబడింది. బేస్‌మెంటులో ఇప్పుడు ఇద్దరు తెలుగు రెసిడెంటు పిల్లలు అద్దెకుంటున్నారు. ఆ అద్దె, చెక్కు కలిపితే వాయిదా పోను అత్తయ్యకు సరిపోతుంది. చెవి మిషనతను డబ్బు పుచ్చుకుని, బేటరీలు ఒక పొట్లం ఊరికే ఇచ్చాడట, ఇంట్లో ఆ మిషను పెట్టుకునేవాళ్ళెవరూ లేకపోయినా. అంబులెన్సు డబ్బు నెలకు నూరు చొప్పున పక్కనపెట్టి, మొత్తం సమకూరాక అత్తయ్య టౌన్‌షిప్ ఆఫీసుకు వెళ్ళింది. నేనే తీసుకెళ్ళాను. కౌంటరు దగ్గర అమ్మాయి కంప్యూటరులో చూసి, "ఈ బాకీ పోయినేడే రద్దుచేసేశామండీ, మీరేమీ కట్టనక్కరలేదు" అంది. అత్తయ్య చెక్కు ఆమెవైపు తోసి, రసీదు ఇవ్వమంది. ఏ పద్దు కింద రాయాలో తెలియక ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి ఎవరినో అడిగి వచ్చి, చేత్తో రాసి ఇచ్చింది.